అచ్చు చెరిగిన సంచి

కూయిరె పెద్దాయనను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాటికే ఒటీలియా ఇంటి ముందున్న దుంగలు ఖాళీ అయిపోయాయి. సంతరోజు పొద్దున ఆ దుంగల మీద చోటు కోసం మగాళ్లు మోచేతులతో పొడుచుకునేవాళ్లు. ఆమె కాచిన జొన్న బీరు ఒక సొరబుర్రెడు గొంతు దిగందే సంతలోకి కాలు పెట్టేవాళ్లు కాదు. ఇప్పుడు అదే దారిన పోతూ, ఎక్కడ పలకరించాల్సి వస్తుందోనని మొహాలు అటు తిప్పుకుంటున్నారు. కుండ నిండా ఉన్న బీరు నురగ చచ్చి చప్పబడింది. ఒటీలియా దాన్ని ముంతతో తోడి పందుల తొట్టిలో పోసింది. పందులకు ఊళ్లో మాటతో పనిలేదు కాబట్టి చప్పరించి తాగాయి.

మాట పుట్టింది పెద్దాయన కొడుకు బయువో నోట్లో. "మా నాన్న తన కాళ్ల మీద తను నడిచెళ్లాడు. ఒటీలియా ఇంట్లో బీరు తాగొచ్చి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు," అన్నాడు శవం పక్కన నిలబడి. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. దానికి తోక తగిలించింది అతని పెళ్లాం క్లోటిల్డా. "అది బుట్ట మానేసి సంచిలో వడకడుతోంది. ఎరువుల సంచో, పురుగుమందు సంచో! అందులో ఏముందో ఎవరికెరుక?" సాయంత్రానికి జనం నోళ్లలో ఆ సంచిలో మందు ఒటీలియా చేతిలోకి వచ్చింది. తెల్లారేసరికి ఆమె కావాలనే పెట్టిందన్నారు. ముసలాయన ఉసురు పోసుకున్న మంత్రగత్తె అని పిల్లలు కూడా గోడచాటు నుంచి అరిచారు.

సంచి సంగతి మాత్రం నిజమే. అత్తగారి నాటి తీగ బుట్టను మొన్న వానల్లో చెదలు తినేశాయి. అడుగున చెయ్యి పెడితే అవతలికి వచ్చింది. బుట్టలల్లే ముసలాయనకు చూపు పోయింది, కొడుకులేమో దక్షిణాన కుమాసి వైపు కోకో తోటల్లో కూలికి పోయి అల్లిక మరిచిపోయారు. సంతలో పాత సంచులమ్మేవాడు కుప్పలోంచి తెల్లటి నైలాన్ సంచి ఒకటి లాగి ఇచ్చాడు. దాని మీది అచ్చుబొమ్మ చెరిగిపోయి సగమే మిగిలింది. అది జొన్నకంకో, మంటో, పురుగో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. ఒటీలియా కూతురు, పాలపళ్లింకా ఊడని వివి, అది కోడి అని తేల్చేసింది.

బుట్టతో పని అంటే ఓపికతో పని. కుండ మీద రెండు కర్రలు పరిచి, వాటి మీద బుట్ట నిలబెట్టి, ఉడికిన జొన్నముద్ద పోసి కూర్చోవాలి. బొట్టు బొట్టుగా అది దిగాలనుకున్నప్పుడే దిగుతుంది. సంచికి ఆ బతిమాలాట లేదు. ముద్ద పోసి, మూతి బిగించి, కొయ్యకు వేలాడదీసి, కర్ర దూర్చి మెలితిప్పితే జలజలా కారిపోతుంది. కాకపోతే నైలాను అంచు చేతుల్ని కోస్తుంది. ఒటీలియా రెండు అరచేతుల్లోనూ అడ్డంగా ఎర్రటి చారలు పడి కాయకాచిపోయాయి.

"ఈ సంచొచ్చాక నీ బీరుకి తొందరెక్కువైందే పిల్లా," అనేవాడు కూయిరె పెద్దాయన, బుర్ర అంచు నాలుకతో తుడుస్తూ. "పులుపెక్కక ముందే పరిగెత్తుకొచ్చేస్తోంది."

"అయితే తాగకు మామయ్యా, పోయి మీ పెద్దకోడలు క్లోటిల్డా దగ్గర తాగు."

"దాని నోరు పులుపు, బీరు చప్పన. నువ్వే పొయ్యి ఇంకోటి."

ఆ చివరి రోజున కూడా రెండో బుర్ర ఊరికే పోసింది. సరదాగా పోసిన ఆ బుర్రే ఇప్పుడు ఆమె గుండెల మీద బండలా కూర్చుంది.

భూమికి బలులిచ్చే ముసలాయనను ఊరంతా నేలపెద్ద అంటారు. ఆయన మాట మీద మాట ఉండదు. చనిపోయినాయన ముంగిట్లో అందరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు.

"పెద్దాయన కర్మ బీరు ఒటీలియాయే కాయాలి. ఇక్కడే, అందరి కళ్లముందు. మొదటి బుర్ర పరగడుపున ఆమే తాగాలి. తాగి ఈ నడివాకిట్లో కూర్చోవాలి. పందిరి గుంజ నీడ రోలును ముట్టేదాకా ఇంకెవ్వరూ ఆ కుండ తాకకూడదు. ఆమె తిన్నగా ఉంటే మాట అక్కడితో చచ్చినట్టే. మళ్లీ ఎవరన్నా ఎత్తితే నాతో తేల్చుకోవాలి."

"తిన్నగా లేకపోతే?" అన్నాడు బయువో.

"లేకపోతే ఇంకా అడిగేదేముంది?"

"కాయనంటే?" అంది ఒటీలియా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

బయువో ఆమె వైపు చూడకుండా నేలపెద్దకే చెప్పాడు. "కాయనంటే మూట సర్దుకోమనండి. తూర్పున ఇట్లా మంత్రగత్తెలని తరిమేసిన ఆడాళ్లంతా ఒకచోట బతుకుతున్నారుగా, అక్కడికి పోవచ్చు. పిల్ల మా ఇంటి పిల్ల, ఇక్కడే ఉంటుంది."

ఒటీలియా మొగుడు తెంగన్ పక్కనే గొంతుక్కూర్చుని పుల్లతో నేల మీద గీతలు గీస్తున్నాడు. బయువో వాడికి పెదనాన్న కొడుకు, పొలం పంచేది అతనే, ఎద్దులిచ్చేది అతనే. తెంగన్ గీసిన గీతలన్నీ అరచేత్తో చెరిపి మళ్లీ మొదలుపెట్టాడు. ఒటీలియాకు వాణ్ని ఆ పుల్లతోనే కొట్టాలనిపించింది.

మొలకజొన్నలు చావింటివాళ్లే ఇచ్చారు. ఒటీలియా పిండి కలిపి, బెండకాండం దంచిన జిగురు పోసి, తేరిన నీళ్లు తోడి, అడుగుముద్ద ఉడకబెట్టింది. పొద్దున్నుంచీ వాకిలి చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఆమె చేతులనే చూస్తున్నారు. ఆమె కొంగు సర్దుకుంటే కొంగులో ఏముందోనని మెడలు సాగాయి. చెమట తుడుచుకుంటే ఆ చెయ్యి కుండలో పెట్టకుండా కడుక్కోమన్నారు. వాళ్లలో సగంమంది బీరు కాచేవాళ్లే, పొయ్యి వెలగకపోతే ఒకరింట్లోంచి ఒకరు నిప్పు తెచ్చుకున్నవాళ్లే.

"మంట తగ్గించవే, ముసలాయన చచ్చాక కూడా నోరు కాల్చుకోవాలా?" అంది పెర్పెటువా. ఆ వాడలో బీరు కాయడంలో అందరికంటే పెద్ద చెయ్యి ఆమెది, నోరు అంతకంటే పెద్దది. ఎవరూ నవ్వలేదు. కానీ ఆ రోజంతట్లో ఒటీలియాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది ఆమె ఒక్కతే. ఒటీలియా కట్టె ఒకటి వెనక్కి లాగింది. పొగ వంకతో కళ్లు తుడుచుకుంది.

ముద్దను నీళ్లలో కలిపి పులియడానికి వదిలి, పొద్దుగూకుతుంటే ఇంటికి వచ్చింది. ఆ సంచిని మళ్లీ తీసి బూడిదతో రుద్దింది. ఈ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు కడిగిందో ఆమెకే తెలియదు. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. జొన్నల వాసన, పొగ వాసన వచ్చాయి. వాటి అడుగున ఇంకేదో ఉందనిపించింది. మళ్లీ పీలిస్తే లేదనిపించింది. తనే చంపిందేమో. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఊరు అబద్ధం చెబుతోందని గుండె మీద చెయ్యేసుకుని అరవగలిగితే ఇంత బాధ ఉండేది కాదు.

అప్పుడే క్లోటిల్డా గడపలోకి వచ్చింది. పైగుడ్డ కింద దాచి తెచ్చిన బుట్టను నేల మీద పెట్టింది.

"దీంట్లో వడకట్టుకో," అంది.

ఒటీలియా లేవలేదు. "ఊరంతా చాటింపేసింది నువ్వే గదక్కా. ఇప్పుడీ జాలెందుకు?"

"నీ మీద కాదులే. పిల్ల మొహం చూసి తెచ్చా. బుట్టలో వడకట్టి తాగితే నీకేం కాదు. అంతటితో అందరం ఊపిరి పీల్చుకోవచ్చు."

అందరం అన్న మాట ఒటీలియా చెవిన పడింది. బుట్టను తనవైపు లాక్కుని లోపల తడిమింది. తీగలు ఎండి పెళుసెక్కాయి. అడుగుమూలన కందిరీగ కట్టుకున్న మట్టిగూడు ఉంది, అదీ పాతబడి బీటలు వారింది. వారం వారం బీరు కాచే మనిషి బుట్టలో కందిరీగ కాపురం పెట్టదు.

"దీన్ని తడిపి ఎన్నాళ్లయిందక్కా?"

"నాకింకోటుంది."

"చూపించు."

"ఏంటే నీ ఆరా? మేలు చేద్దామని వస్తే..." క్లోటిల్డా చెయ్యి విసిరింది. దీపం వెలుగులో ఆ అరచెయ్యి ఒక్క క్షణం కనిపించింది. దాని మీద అడ్డంగా ఎర్రటి చారలున్నాయి. ఒటీలియా తన చేతిని దీపం దగ్గరికి జరిపింది. రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి.

క్లోటిల్డా చెయ్యి గుడ్డలో దాచేసుకుంది. ఆమె గొంతులో పెడసరం ఎటుపోయిందో పోయింది. "నాకు ముగ్గురు పిల్లలే. నా మొగుడి సంగతి నీకు తెల్సు. బుట్టలో వడకట్టుకో. నీ కాళ్లు పట్టుకుంటా," అంది. అని జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

లోపల కూర్చుని తింటున్న తెంగన్ అన్నీ విన్నాడు. సంకటి ముద్ద చేతిలోనే చల్లారిపోయింది. "బుట్టే మంచిది," అన్నాడు చివరికి. "బుట్టలో వడకట్టు. తాగు. కూర్చో. ఇంటికి రా. అంతే."

"నేను చంపానో లేదో తేలేదెట్లా?"

"తేలితే ఏం చేస్తావ్? ఆయన లేచొస్తాడా? నువ్వు పోతే దీన్ని ఎవరు చూస్తారు?"

వివి చాప మీద వెల్లకిలా నిద్రపోతోంది. తెంగన్ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. బతికుండాలన్నా, పిల్ల తనదిగా ఉండాలన్నా బుట్టే దారి. ఒటీలియా బుట్టను నీళ్లలో నానేసింది. కందిరీగ గూడు మెత్తబడి, కరిగి, బురదై తేలిపోయింది.

పొద్దున రెండూ పట్టుకుని చావింటికి వెళ్లింది. సంచి తెమ్మన్నది నేలపెద్దే, అందరి ముందూ కాల్చేద్దామని. ఒటీలియా దాన్ని దడి మీద ఆరేసి, కుండ మీద కర్రలు పరిచి, బుట్ట నిలబెట్టింది. బుట్టను చూసి ఆడవాళ్లు కాస్త నెమ్మదించారు. బయువో కూడా తలాడించాడు. క్లోటిల్డా గుమ్మంలో నిలబడి బుట్ట వైపు కాకుండా ఒటీలియా మొహం వైపు చూస్తోంది. పులిసిన ముద్ద పోయడానికి ముంత ముంచుతుండగా ఒటీలియా దడి వైపు చూసింది.

వివి అక్కడ నిలబడి ఉంది. సంచి కుట్టులో ఎండి ఇరుక్కున్న పిప్పిని గోటితో తవ్వి తవ్వి నోట్లో వేసుకుంటోంది. వడకట్టిన ప్రతి పొద్దునా చేసే పనే. పిప్పి పిడికెడు పెట్టనిదే అది ఊరుకునేది కాదు. వానలు వెలిసినప్పటి నుంచీ ఆ సంచిలోదే తింటోంది, కుట్టు చప్పరిస్తోంది, ఆ కోడికి ముద్దులు పెడుతోంది.

ఒటీలియా ముంచిన ముంతను బుట్టలో పోయలేదు. ఇన్ని రోజులూ ముసలాయన గురించే కుమిలింది. పిల్ల సంగతి తట్టనేలేదు. ఇవాళ బుట్టలో వడకట్టి, తాగి, పేరు నిలబెట్టుకుని ఇంటికి పోతే ఆ తర్వాత? పిల్లకు కాస్త కడుపునొప్పి వచ్చినా, ఒళ్లు వెచ్చబడినా, పొద్దున లేవడం ఆలస్యమైనా, తను ఆ సంచి మొహమే చూడాలి. సంచి బూడిదైపోయినా చూడాలి. ఈ వాడలో ఇంకెన్ని ఇళ్లలో ఎంతమంది పిల్లలు ఆ కుట్లు చప్పరిస్తున్నారో. అడిగే దిక్కేది?

ముంత పక్కన పెట్టింది. బుట్టను ఎత్తి నేల మీద దించింది. దడి దగ్గరికి వెళ్లి, పిల్ల నోట్లోంచి పిప్పి వేలితో లాగేసి, సంచి తీసుకుని వచ్చింది.

"ఏం చేస్తున్నావ్?" బయువో లేచాడు.

ఆమె నేలపెద్దకే చెప్పింది. "మీరు నేరం మోపింది ఈ సంచి మీద. బుట్టలో వడకట్టి తాగితే బుట్టకు మంచి పేరొస్తుంది. నాకేం తేలుతుంది? పెద్దాయన ఏది తాగాడో నేనూ అదే తాగుతా."

"దీనికి మతిపోయింది," అన్నాడు తెంగన్, అన్ని రోజుల్లో మొదటిసారి పైకి వినబడేలా. "బుట్టలో పొయ్యవే! పిల్లని చూడవే!"

"పిల్లని చూసే," అంది ఒటీలియా.

నేలపెద్ద గడ్డం నిమురుకున్నాడు. ఆమె అడిగినదాంట్లో ఆయనకు తప్పు దొరకలేదు. కానివ్వమని చెయ్యి ఊపాడు.

ముద్ద పోసి, మూతి బిగించి, సంచిని కొయ్యకు తగిలించింది. కర్ర దూర్చి మెలితిప్పింది. నైలాను పాత చారల్లోకే దిగి కోసింది. నీళ్లు కుండలోకి జలజలా దూకాయి. సంచి బిగిసేకొద్దీ అచ్చుబొమ్మ సాగి సాగి, ఏదో చెప్పబోతున్నట్టు కనిపించి, మళ్లీ ముడుచుకుపోయింది. క్లోటిల్డా గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ పగలంతా బీరు ఉడికింది. చల్లారాక పాత బీరు మడ్డి తోడు పెట్టి, మూత పెట్టి, మూత మీద నేలపెద్ద తన కర్ర అడ్డంగా పెట్టాడు.

మర్నాడు పొద్దున గిల్ వాద్యం కర్రపలకల మీద చావుపాట మొదలయ్యేసరికి ముంగిలి నిండిపోయింది. ఒటీలియా పరగడుపున వచ్చింది. వివిని పుట్టింటి వైపు మేనత్తకు అప్పగించింది. ఎత్తుకుని వాసన చూసుకుని, దింపి, మళ్లీ ఎత్తుకుని, చివరికి మేనత్తే లాక్కుంది. కుండ మూత తీస్తే నురగ పైకి పొంగింది. బీరు బాగా కుదిరిందన్న ఆలోచన వచ్చి ఆమెకే సిగ్గేసింది.

బుర్ర ముంచి రెండు చేతులతో పట్టుకుంది. పెద్దాయన పేరు తలచి కొంచెం నేల మీద వంచింది. మిగతాది ఆపకుండా తాగేసి, బుర్ర బోర్లించి చూపించి, నడివాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది.

వాద్యం ఆగింది. గుంజ నీడ పల్చగా, పొడుగ్గా పడి ఉంది. రోలు చాలా దూరంగా కనిపించింది. ఇంత మంది జనంలో ఆమె చుట్టూ మాత్రం ఊడ్చినట్టు ఖాళీగా ఉంది. కాసేపటికి కడుపులో ఏదో మెలిపెట్టింది. రాత్రి నుంచీ తిండి లేదు, ఆకలై ఉండొచ్చు. భయమై ఉండొచ్చు. అదీ కాకపోతే సంచిలో మందే. మొహంలో కనబడనివ్వకూడదని పళ్లు బిగించింది. ముక్కు కొసన చెమట పట్టింది. "చెమటలు పడుతున్నాయి," అని ఎవరో అన్నారు. ఆ మాట వరసల వెంబడి పాకింది. బయువో ముందుకు వంగి చూస్తున్నాడు. తెంగన్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఎవరన్నా వచ్చి చెమట తుడిస్తే బావుండుననిపించింది ఒటీలియాకు. ఎవరు వస్తారు? ఇక్కడున్న ఆడవాళ్లంతా ఒక్కొక్కరే చేతులు కొంగుల్లో చుట్టుకుని కూర్చున్నారు. అంత ఎండలో చేతులు కప్పుకునే అవసరం ఎవరికుంటుంది?

నీడ సగం దూరం కూడా రాలేదు. అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి క్లోటిల్డా లేచింది.

నేరుగా కుండ దగ్గరికి నడిచింది. ఒటీలియా పక్కన బోర్లించి ఉన్న బుర్రను తీసుకుని ముంచింది.

"ముట్టుకోకు!" నేలపెద్ద కర్ర ఎత్తాడు. "నీడ ఇంకా..."

"కూర్చోవే!" బయువో కేక వేశాడు. "బుద్ధుందా? అది చస్తోంది, కనపడట్లా?"

క్లోటిల్డా అతని కళ్లలోకి చూస్తూ తాగింది. గుటక గుటకకూ గొంతు కదలడం అందరికీ కనబడింది. తాగి, మూతి తుడుచుకుని, ఆ చేతిని అలాగే చాపి చారలు చూపించింది.

"నాదీ సంచే," అంది. "ఆ పొద్దున మామయ్య ముందు మనింట్లోనే తాగాడు. ఆ తర్వాతే దీని దగ్గరికి పోయాడు. పేరు నా మీదికొస్తుందని దీని మీదికి తోశాను. ఇది పోతే నేనూ పోవాల్సిందే, చూసుకోండి."

చెప్పి ఒటీలియా పక్కన కూలబడింది. కాసేపటికి పెర్పెటువా మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ లేచింది. కొంగులోంచి చేతులు తీసింది. "నా చేతులు ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు," అని గొణుక్కుంటూ బుర్ర అందుకుంది. ఆమె వెనక ఇంకొకతె వచ్చింది. ఆ వెనక మరొకతె. నేలపెద్ద ఎత్తిన కర్ర ఎప్పుడు దించాడో ఎవరూ గమనించలేదు. గుంజ నీడ పాకి పాకి రోలును ముట్టేసరికి కుండలో సగం అయిపోయింది. నీడ వైపు చూసే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది. బయువో ఒక్కడే దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

ఒటీలియా కడుపులో మెలి ఎప్పుడో వదిలింది. పిల్లను తెమ్మని మేనత్తకు సైగ చేసింది. క్లోటిల్డా ఆమె వైపు తిరగకుండా, కొంగు చివరతో ఆమె ముక్కు మీది చెమట తుడిచింది. నాలుక చప్పరించింది.

"పులుపు చాల్లేదే," అంది మెల్లగా. "తొందరపడ్డావ్."

పెద్దాయన పోయిన ఇన్ని రోజులకు ఒటీలియా ఆయన కోసం గొంతెత్తి ఏడ్చింది.